గ్యారేజీ తలుపుకు చేదర్థకం



ఈ పాఠంలో “మేము” అని వచ్చినచోటల్లా ఎనిమిదో తరగతి తెలుగు పీరియడ్‌లో కూర్చునే పదకొండు మంది విద్యార్థులు, వాళ్ళ మాస్టారు అని అర్థం చేసుకోండి. పదకొండు మందిలో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళు ఆరుగురు. మిగిలిన అయిదుగురు నాన్నగారి ఉద్యోగం విశాఖపట్నంలోనో, సికింద్రాబాదులోనో ఉన్నప్పుడు తెలుగు మొదలుపెట్టి, బదిలీ మీద ఇక్కడికి వచ్చాక కూడా వదలనివాళ్ళు. మాస్టారికి ఇది ఏడో ఊరు. ఇంతమందిమి కలిసి ఎక్కడో అమెరికాలో ఉన్న ఒక ఇంటి తలుపు గురించి నాలుగు పీరియడ్లు వాదించుకున్నాం.

ఆ వారం వ్యాకరణంలో చేదర్థకం, అప్యర్థకం నడుస్తున్నాయి. ఒక పని జరిగితేనే ఇంకొక పని జరుగుతుందని షరతు పెట్టేది చేదర్థకం: వస్తే, తింటే, చదివితే. ఒక పని జరిగినా జరగవలసిన ఫలితం జరగలేదని చెప్పేది అప్యర్థకం: వచ్చినా, తిన్నా, చదివినా. వానలు, పంటలు, పరీక్షలు, మార్కులు అంటూ ఉదాహరణలన్నీ అయిపోయాయి. వెనక బెంచీలో ఆవులింతలు మొదలయ్యాయి. సరిగ్గా అప్పుడే మా అక్కయ్య నుంచి ఫోన్ వచ్చింది. అక్కావాళ్ళు టెక్సస్ రాష్ట్రంలో, డాలస్ పక్కన ఇర్వింగ్ అనే ఊళ్ళో ఉంటారు.

“ఒరేయ్, రాత్రంతా మా గ్యారేజీ తలుపు బార్లా తెరుచుకునే ఉందిరా. దొంగలు రాకుండా అలారం పెట్టించుకుంటే ఆ అలారమే తలుపు తీసిపెట్టింది!”

మర్నాడు తరగతిలో ఈ మాట చెప్పగానే ఆవులింతలు ఆగిపోయాయి. అలారం తలుపెందుకు తీస్తుంది? మేము పుస్తకం మూసి బోర్డు దగ్గరికి వెళ్ళాం.

ముందు మాట సంగతి తేల్చుకోవలసి వచ్చింది. మన ఊళ్ళలో గ్యారేజీ అంటే బస్సులు, లారీలు బాగుచేసే చోటు. నూనె మరకలు, పాత టైర్లు. ఇంట్లో కారు పెట్టుకునేదాన్ని కారు షెడ్డు అంటాం, ముందు కప్పు మాత్రం ఉంటే పోర్టికో అంటాం. మన క్వార్టర్లలో అయితే స్కూటరు మెట్ల కింద ఉంటుంది, కారు వేపచెట్టు కింద ఉంటుంది. అమెరికాలో గ్యారేజీ అంటే ఇంటికి ఆనుకుని ఉన్న ఒక గది. దాని ముందు గోడ మొత్తం తలుపే. రెండు కార్లు పట్టే గ్యారేజీకి ఆ తలుపు మామూలుగా పదహారు అడుగుల వెడల్పు, ఏడు అడుగుల ఎత్తు ఉంటుంది. అడ్డంగా నాలుగైదు పలకలు, వాటి మధ్య కీళ్ళు. తెరిచినప్పుడు పలకలు పక్కనున్న పట్టాల వెంట పైకి జారి, వంపు తిరిగి, కప్పు కింద పడుకుంటాయి. గ్యారేజీలోంచి ఇంట్లోకి మరో చిన్న తలుపు ఉంటుంది. అక్కడ చాలామంది రోజూ వాడే గుమ్మం అదే. వీధి తలుపు చుట్టాలకు, పార్శిళ్ళకు.

అంత పెద్ద తలుపును చిన్న మోటారు ఎలా ఎత్తుతుందని ఒకడు అడిగాడు. మోటారు ఎత్తదు. తలుపు పైన ఒక ఇనుప కడ్డీకి బిగుతుగా చుట్టిన స్ప్రింగులు ఉంటాయి. తలుపు బరువులో దాదాపు అంతా అవే మోస్తాయి. మోటారు చేసేది కాస్త లాగడం, కాస్త తోయడం. బావిలో ఏతాం గుర్తుందా? ఇటు చివర రాయి కట్టి ఉంటే అటు నిండు బానను ఒక్క మనిషి ఎత్తగలిగేవాడు. ఇదీ అంతే. అందుకే ఆ స్ప్రింగుల జోలికి ఇంటివాళ్ళు పోకూడదు. తెగితేనో, చేతికి వదులైతేనో అంత బరువును మోసే శక్తీ ఒక్కసారిగా విసురుతుంది.

పైకి లేచే ఇలాంటి తలుపును 1921లో సి. జి. జాన్సన్ అనే అమెరికన్ తయారుచేశాడు. 1926లో దానికి కరెంటు మోటారు కూడా తగిలించాడు. దొంగల గంట అంతకంటే పాతది. 1853లో బోస్టన్ ప్రాంతానికి చెందిన అగస్టస్ పోప్ అనే ఆయన దానికి పేటెంటు తీసుకున్నాడు. ఆయన పద్ధతిలో తలుపు తెరిస్తే తీగలు కలిసి గంట మోగేది. ఇందులో లోపం ఏమిటో మా తరగతిలో ఒక అమ్మాయి వెంటనే పట్టేసింది: “సార్, దొంగ ముందే తీగ కత్తిరిస్తే?” నిజమే. తీగ తెగితే గంట ఇక మోగదు. అందుకే ఇప్పుడు తలకిందులు చేశారు. తలుపు మూసి ఉన్నంతసేపూ తీగలో సన్నటి కరెంటు పారుతూనే ఉంటుంది. అది ఆగిందంటే మోత. తలుపు తెరిచినా ఆగుతుంది, తీగ కత్తిరించినా ఆగుతుంది. దొంగ చేసిన తెలివైన పనే వాడిని పట్టిస్తుంది. ఈ అమ్మాయి వాళ్ళ నాన్నగారు సిగ్నల్ విభాగంలో పనిచేస్తారని తరవాత తెలిసింది.

ఇక అక్కయ్య ఇంటి కథ.

బావకు మతిమరుపు. ఆఫీసు నుంచి వచ్చి కారు లోపల పెట్టి, ఫోన్ మాట్లాడుకుంటూ ఇంట్లోకి వెళ్ళిపోతాడు. పెద్ద తలుపు తెరిచే ఉండిపోతుంది. అలా రెండుసార్లు తెల్లవారేదాకా ఉంది. రెండోసారి మేనకోడలి సైకిలు పోయింది. ఇంట్లో అప్పటికే దొంగల అలారం ఉంది. రాత్రి పడుకోబోయే ముందు గోడ మీద అంకెల పలకలో నంబరు కొట్టి దాన్ని “కాపలా”కు పెడతారు. ఎలాగూ రోజూ ఆ నంబరు కొడుతున్నాం కదా, అది కొట్టగానే గ్యారేజీ తలుపు కూడా దానంతట అదే మూసుకుంటే బాగుంటుందని బావ ఆలోచన. ఆలోచన మంచిదే. ఒక పనివాణ్ణి పిలిచి చేయించాడు.

అతను చేసింది తెలుసుకోవాలంటే మోటారుకు ఉండే గోడ బొత్తాం గురించి తెలియాలి. గ్యారేజీ లోపల గోడ మీద కాలింగ్ బెల్ బొత్తాం లాంటిది ఉంటుంది. దాన్నుంచి మోటారు దాకా రెండు సన్నటి తీగలు. అందులో ఉండేది తక్కువ ఓల్టేజి. బొత్తాం నొక్కడమంటే ఆ రెండు తీగలను అర సెకను పాటు కలిపి వదలడమే. కలిపేది మన వేలు కావచ్చు, రిలే అనే చిన్న విద్యుత్ మీట కావచ్చు, మోటారుకు తేడా తెలియదు. అలారం పెట్టెలో ఇలాంటి రిలే ఒకటి ఉంటుంది. దాన్ని గోడ బొత్తాం తీగలకు జత చేసి, “కాపలాకు పెడితే నొక్కు” అని నేర్పాడు పనివాడు. (కొత్త రకం మోటార్లలో కొన్నిటికి గోడ బొత్తాం కూడా సంకేత భాషలోనే మాట్లాడుతుంది. వాటికి తీగలు కలిపితే చాలదు, ఆ భాష తెలిసిన వేరే పరికరం కావాలి. అక్కయ్యవాళ్ళది పాత రకం.)

ఇంతవరకు బోర్డు మీద రాసి, “ఇప్పుడు చెప్పండి, తలుపు ఎందుకు తెరుచుకుంది?” అని అడిగాం. ఒక నిమిషం ఎవరూ మాట్లాడలేదు. తరవాత ముగ్గురు ఒకేసారి అరిచారు.

ఆ బొత్తానికి “మూయి” అనే మాట రాదు. “తెరువు” అనే మాటా రాదు. దానికి వచ్చింది ఒక్కటే: “ఇప్పుడున్నదానికి వ్యతిరేకం చెయ్యి.” తెరిచి ఉంటే మూస్తుంది, మూసి ఉంటే తెరుస్తుంది. ఆ రోజు బావ మరిచిపోకుండా తలుపు మూశాడు. రాత్రి పదకొండుకు అక్కయ్య నంబరు కొట్టింది. అలారం తనకు చెప్పినట్టే బొత్తాం నొక్కింది. మూసి ఉన్న తలుపు తెరుచుకుంది. ఇంటిల్లిపాదీ నిశ్చింతగా నిద్రపోయారు.

ఇక్కడే వ్యాకరణం పనికొచ్చింది. పనివాడు రాసిన వాక్యంలో చేదర్థకం ఒక్కటే ఉంది: “కాపలాకు పెడితే, నొక్కు.” ఉండవలసింది రెండు: “కాపలాకు పెడితే, అప్పటికి తలుపు తెరిచి ఉంటే, నొక్కు.” రెండు షరతులూ నిజమైతేనే పని జరగాలి. ఒకటి తప్పినా జరగకూడదు. మీరు గణితంలోనో, కంప్యూటరు తరగతిలోనో చదువుకునే “మరియు” గుర్తు ఇదే. తెలుగు వాక్యంలో మనం “మరియు” అని విడిగా చెప్పం. రెండు “తే”లు పక్కపక్కన పెడితే చాలు.

కానీ తలుపు తెరిచి ఉందో లేదో అలారానికి ఎవరు చెప్పాలి? రెండు దారులున్నాయి. ఒకటి అయస్కాంతం. గాజు గొట్టంలో రెండు సన్నటి ఇనుప రేకులు ఒకదానికొకటి తగలకుండా ఉంటాయి. అయస్కాంతం దగ్గరికి వస్తే అవి అతుక్కుంటాయి, దూరమైతే విడిపోతాయి. దీన్ని రీడ్ స్విచ్ అంటారు. 1936లో బెల్ ప్రయోగశాలల్లో వాల్టర్ ఎల్వుడ్ దీన్ని కనిపెట్టాడు. గొట్టం నేలకో చట్రానికో, అయస్కాంతం తలుపుకు బిగిస్తారు. గ్యారేజీ తలుపు గాలికి అటూ ఇటూ కదులుతుంది గనక ఇంటి కిటికీలకు పెట్టే చిన్నవి పనికిరావు. కొంచెం ఎడమైనా పట్టు వదలని పెద్ద రకం పెట్టాలి. లేకపోతే పెద్ద గాలి వీచినప్పుడల్లా అర్ధరాత్రి మోత. రెండోది వాలు సెన్సరు. తలుపు పై పలకకు తగిలిస్తారు. పలక నిలువుగా ఉంటే మూసినట్టు, పడుకుంటే తెరిచినట్టు. తీగలు లాగే పని లేదు. అక్కయ్యవాళ్ళు ఇదే పెట్టించారు.

మా వాక్యానికి ఇంకో ముక్క కలిపాం. నొక్కమన్న తరవాత తలుపు నిజంగా మూసుకుందా? తలుపు కిందికి దిగడానికి పన్నెండు, పదిహేను సెకన్లు పడుతుంది. మధ్యలో ఏదో అడ్డం వచ్చి మళ్ళీ పైకి వెళ్ళిపోవచ్చు. కాబట్టి అర నిమిషం ఆగి సెన్సరును మళ్ళీ అడగాలి. “నొక్కినా మూసుకోకపోతే, ఇంటివాళ్ళకు చెప్పు.” ఇందులో “నొక్కినా” అప్యర్థకం. యంత్రాలకు ఆజ్ఞలు రాసేవాళ్ళు చేదర్థకం బాగానే రాస్తారు. తప్పులు జరిగేది అప్యర్థకం మరిచిపోయినచోట.

పైగా “మళ్ళీ నొక్కు” అని మాత్రం రాయకూడదని మాలో ఒకడు గట్టిగా పట్టుబట్టాడు. “ఎందుకు ఆగిందో తెలియకుండా మళ్ళీ మళ్ళీ నొక్కితే ఎలా సార్? కింద ఎవరైనా ఉంటే?” అన్నాడు. వాడి ప్రశ్న దగ్గరే మా పాఠం దారి మారింది.

అంత బరువైన తలుపు పిల్లల మీదికి దిగితే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. అమెరికాలో అలా పిల్లలు చనిపోయారు కూడా. అందుకే అక్కడ చట్టం చేసి, 1993 జనవరి 1 నుంచి తయారయ్యే ఇంటి మోటార్లన్నిటికీ రక్షణ ఉండాలన్నారు. తలుపు దేనికైనా తగిలితే రెండు సెకన్లలోగా వెనక్కి తిరగాలి. తగలకముందే ఆపడానికి మరో ఏర్పాటు కూడా ఉండాలి. సాధారణంగా ఆ ఏర్పాటు రెండు “కళ్ళు”. తలుపుకు ఒక పక్క కంటికి కనపడని కాంతిని పంపే దీపం, రెండో పక్క దాన్ని అందుకునే కన్ను. నేల నుంచి ఆరు అంగుళాలకు మించి ఎత్తులో ఉండకూడదు. పాకే పసిబిడ్డయినా, పడుకున్న కుక్కయినా ఆ గీతను దాటాలి. గీత తెగితే తలుపు దిగదు, దిగుతున్నది పైకి వెళ్ళిపోతుంది. ఆరు అంగుళాలంటే మన జానెడు కంటే తక్కువ. మీ స్కేలు సగం పెట్టి చూసుకోండి.

మనిషి దగ్గర లేకుండా తలుపు తనంతట తాను మూసుకునే ఏర్పాటు చేస్తే ఇంకో నియమం ఉంది. కదలడానికి ముందు కనీసం అయిదు సెకన్లు దీపం మినుకుమినుకుమనాలి, బీప్ బీప్‌మని చప్పుడు రావాలి. గోడ బొత్తాం తీగలకు రిలే తగిలించి ఊరుకుంటే ఈ హెచ్చరిక రాదు. ఎందుకంటే మోటారు దృష్టిలో అక్కడ ఎవరో మనిషి నిలబడి వేలితో నొక్కారు. మనిషి ఉన్నాడంటే చూసుకుంటాడనే కదా నమ్మకం. అలారం ఆ నమ్మకాన్ని మోసం చేస్తోంది. మా అభిప్రాయంలో ఇలాంటి జత పనిలో అన్నిటికంటే ప్రమాదమైన చోటు ఇదే.

శనివారం మొదటి పీరియడ్‌లో అక్కయ్యకు వీడియో కాల్ చేశాం. ఇక్కడ పొద్దున ఎనిమిది, అక్కడ శుక్రవారం రాత్రి తొమ్మిదిన్నర. మేనకోడలు ఫోను పట్టుకుని గ్యారేజీ అంతా చూపించింది. మోటారు, పట్టాలు, స్ప్రింగులు, ఎర్ర తాడు. (కరెంటు పోతే ఆ తాడు లాగితే మోటారు నుంచి తలుపు విడిపోతుంది, చేత్తో ఎత్తుకోవచ్చు. 2017లో కాలిఫోర్నియాలో కార్చిచ్చులు వచ్చినప్పుడు కరెంటు లేక తలుపులు ఎత్తలేక జనం ఇరుక్కుపోయారు. 2019 జూలై నుంచి ఆ రాష్ట్రంలో అమ్మే కొత్త మోటార్లకు బ్యాటరీ తప్పనిసరి చేశారు.) కొత్త సైకిలు కూడా చూపించింది. సరిగ్గా తలుపు దిగేచోట, స్టాండు వేసి ఉంది.

“కళ్ళు ఎక్కడున్నాయి?” అని అడిగింది మా సిగ్నల్ అమ్మాయి.

మేనకోడలు ఫోను నేల దగ్గరికి దించింది. తలుపుకు ఈ పక్క ఇనుప పట్టీ ఒకటి, ఆ పక్క ఒకటి ఉన్నాయి. రెండూ ఖాళీ. తీగలు గోడ వెంట పైకి వెళ్ళాయి. ఫోను కూడా వాటి వెంట పైకి వెళ్ళింది. కప్పు దగ్గర, మోటారు పక్కన, రెండు కళ్ళూ ఒకదానికొకటి ఎదురుగా, జానెడు దూరంలో టేపుతో అంటించి ఉన్నాయి.

గదిలో చప్పుడు లేదు. అటు అక్కయ్య కూడా మాట్లాడలేదు. ఆ రెంటి మధ్యకు ఈగ తప్ప ఏమీ రాదు. గీత ఎప్పటికీ తెగదు. మోటారుకు మాత్రం అంతా భద్రంగా ఉన్నట్టే కనిపిస్తుంది. తగిలితే వెనక్కి తిరిగే మొదటి రక్షణ ఉంది కదా అనుకోవచ్చు. దాన్నీ ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ పరీక్షించలేదు.

“సాయంత్రాలు తలుపు దిగేది కాదు. దీపం మినుకుమినుకుమని మళ్ళీ పైకి పోయేది. పనివాడికి చెబితే ఏదో చేసి వెళ్ళాడు, అప్పట్నుంచి బాగా పనిచేస్తోందనుకున్నాం,” అంది అక్కయ్య కాసేపటికి.

బావ అప్పుడే నిచ్చెన తెచ్చాడు. కళ్ళు రెండూ కిందికి దించి పాత పట్టీల్లో బిగించాడు. అసలు జబ్బు ఏమిటో మేము ఇక్కడ కూర్చుని ఆలోచించాం. సాయంత్రం మాత్రమే చెడుతుందంటే సాయంత్రం మాత్రమే వచ్చేది ఏమిటి? వాళ్ళ గ్యారేజీ పడమటి ముఖం. దిగే సూర్యుడు నేరుగా అందుకునే కంట్లో పడుతున్నాడు. ఎదుటి దీపం వెలుగు అందులో కలిసిపోతోంది. మనకు ఎదురుగా హెడ్‌లైటు పడితే రోడ్డు కనపడనట్టే. మందు చిన్నదే: పంపే దీపాన్ని, అందుకునే కంటిని పక్కలు మార్చడం, లేదా కంటికి ఒక చిన్న గొట్టం గొడుగులా తొడగడం. బావ పక్కలు మార్చాడు. ఆ తరవాత తలుపు సాయంత్రం కూడా బుద్ధిగా దిగుతోంది. తలుపు దిగేచోట నేల మీద అంగుళంన్నర మందం చెక్క పడుకోబెట్టి మూసి చూడమన్నాం. చెక్కకు తగలగానే వెనక్కి తిరిగింది. ఇప్పుడు నెలకోసారి మేనకోడలే ఆ చెక్క పరీక్ష చేస్తుంది. ఆ చెక్క మీద తన పేరు రాసుకుందట.

గోడ బొత్తానికి తగిలించిన రిలే తీగలు పీకించేశాం. దాని బదులు, కదలడానికి ముందు దీపమూ చప్పుడూ చేసే పరికరమే పెట్టుకున్నారు. ఖర్చు ఎక్కువైందని బావ రెండు రోజులు సణిగాడు.

ఇంకో చిక్కు మేనకోడలిదే. బడి నుంచి వచ్చేసరికి ఇంట్లో ఎవరూ ఉండరు. మీలో చాలామందికి ఇది తెలిసిన సంగతే. బడిసంచీ అడుగున తాళంచెవి, మెడలో ఐడీ కార్డు, కొత్త క్వార్టరులో తాళం ఎటు తిప్పాలో ఇంకా అలవాటు కాని చెయ్యి. ఆమె దగ్గర తాళంచెవి బదులు నంబరు ఉంది. పెద్ద తలుపు తెరవగానే అలారం లెక్క మొదలుపెడుతుంది. గడువులోగా లోపలికి వెళ్ళి నంబరు కొడితే ఊరుకుంటుంది. లేకపోతే మోత. వాళ్ళింట్లో గడువు ముప్పై సెకన్లు. అందులో తలుపు పైకి లేవడానికే పదిహేను పోతాయి. సైకిలు లోపలికి తోసి, స్టాండు వేసి, చిన్న తలుపు తీసేసరికి సైరను. వారంలో రెండుసార్లు ఆ పిల్ల వీధిలో నిలబడి ఏడ్చింది. రెండోసారి పక్కింటావిడ వచ్చి అమ్మకు ఫోన్ చేసిపెట్టింది. అక్కడ చాలా ఊళ్ళలో ఇలా ఉత్తుత్తి మోతలు ఎక్కువైతే జరిమానా కూడా వేస్తారు. గడువును అరవై సెకన్లకు మార్చారు. గ్యారేజీ తలుపు వాడే ఇంట్లో గడువు లెక్క చిన్న తలుపు నుంచి కాదు, పెద్ద తలుపు కదలడం నుంచి మొదలవుతుందని ముందే చూసుకోవాలి. అన్నిటికంటే నెమ్మదిగా నడిచేవాళ్ళు దాటగలిగినంత పెట్టాలి.

“రిమోట్ నొక్కితే తలుపూ తెరుచుకుని అలారమూ ఆగిపోతే ఈ పరుగు ఉండదు కదా?” అని బావ అడిగాడు. మేము ఓటు పెట్టాం. తొమ్మిది మంది వద్దన్నారు, ఇద్దరు కావాలన్నారు. రిమోట్ కారులో ఎండ పలకకు తగిలించి ఉంటుంది. కారు పోతే, లేదా ఎవరైనా అద్దం పగలగొడితే, ఇల్లూ కాపలా రెండూ ఒకే చేతిలో పడతాయి. తలుపుకు రిమోట్, కాపలాకు నంబరు, అలా విడిగా ఉంటేనే మేలు. ఓడిపోయిన ఇద్దరూ ఇప్పటికీ ఒప్పుకోలేదు. మేనకోడలి ఏడుపు మీకు లెక్కలేదా అంటారు.

రిమోట్ మాట వచ్చింది గనక ఛందస్సు కూడా చెప్పుకోవాలి. ఆశ్చర్యపోకండి.

పాత రిమోట్లలో చిన్న మీటలు వరసగా ఉండేవి. ఒక్కొక్కటి పైకో కిందికో పెట్టుకోవాలి. తలుపు లోపలి పెట్టెలోనూ అదే వరస పెడితే తెరుచుకునేది. పన్నెండు మీటలుంటే మొత్తం 4096 వరసలు. దొంగ అన్నీ ఒక్కొక్కటిగా పంపాలంటే పన్నెండేసి చొప్పున 49,152 సంకేతాలు పంపాలి. ఇది చాలా ఎక్కువ అనిపిస్తుంది. ఇప్పుడు మీరు తొమ్మిదిలోనో పదిలోనో నేర్చుకునే ఒక మాట: యమాతారాజభానసలగం. మూడక్షరాల గణాలు ఎనిమిది. విడివిడిగా రాస్తే ఇరవైనాలుగు అక్షరాలు కావాలి. కానీ ఈ పదక్షరాల్లోనే ఎనిమిదీ దాక్కున్నాయి. “యమాతా” చూడండి, లఘువు, గురువు, గురువు: యగణం. ఒక్క అక్షరం జరగండి, “మాతారా” మూడూ గురువులు: మగణం. ఇంకొకటి జరగండి, “తారాజ” తగణం. అలా జరుపుకుంటూ పోతే చివరి “సలగం” సగణం దాకా అన్నీ వస్తాయి, ఏదీ రెండుసార్లు రాదు. ముందు గణం తోక తరవాతి గణానికి తల అవుతుంది.

పన్నెండు మీటలకూ ఇదే ఉపాయం పనిచేస్తుంది. ఎనిమిది గణాలకు ఎనిమిదికి రెండు కలిపి పది అక్షరాలు చాలినట్టు, 4096 వరసలకు పదకొండు కలిపి 4107 సంకేతాలు చాలు. ఇలాంటి వరసలను గణితంలో డి బ్రాయిన్ వరసలంటారు. డచ్చి గణితవేత్త డి బ్రాయిన్ 1946లో వీటి మీద రాశాడు. ఆ పాత పెట్టెలు వరస ఎక్కడ మొదలైందో పట్టించుకోవు. వస్తున్న సంకేతాల్లో చివరి పన్నెండూ కుదిరితే తెరిచేస్తాయి. 2015లో సామీ కామ్కర్ అనే అమెరికన్ భద్రతా పరిశోధకుడు ఈ లోపాన్ని అందరికీ చూపించాడు. పిల్లలు సందేశాలు పంపుకునే ఒక పాత బొమ్మ పరికరాన్ని మార్చి, అలాంటి తలుపును పది సెకన్లలోపే తెరవవచ్చని నిరూపించాడు. మీటల రిమోట్లు ఇంకా వాడుతున్నవాళ్ళు మార్చుకోవాలని చెప్పడమే ఆయన ఉద్దేశం.

కొత్త రిమోట్లు నొక్కిన ప్రతిసారీ కొత్త సంఖ్య పంపుతాయి. తరవాతి సంఖ్య ఎలా పుడుతుందో రిమోట్‌కూ తలుపుకూ మాత్రమే తెలుసు. ఒకసారి వాడిన సంఖ్య మళ్ళీ పనికిరాదు. మీరు రిమోట్ జేబులో పెట్టుకుని ఊరికే రెండుసార్లు నొక్కినా ఫరవాలేదు, తలుపు ముందున్న కొన్ని సంఖ్యలను కూడా ఒప్పుకుంటుంది. పసివాడి చేతికిచ్చి వందలసార్లు నొక్కిస్తే మాత్రం రెండూ ఒకదానికొకటి దూరమై, మళ్ళీ పరిచయం చేయవలసి రావచ్చు.

చివరి పీరియడ్‌లో మా వాక్యాన్ని మొత్తం బోర్డు మీద రాశాం. “రాత్రి కాపలాకు పెడితే, తలుపు తెరిచి ఉంటే, అయిదు సెకన్లు హెచ్చరించి, కళ్ళ మధ్య అడ్డం లేకపోతే, మూయి. మూయమన్నా అర నిమిషంలో మూసుకోకపోతే, మళ్ళీ ప్రయత్నించకు, ఇంటివాళ్ళను పిలువు.” అప్పుడు వెనక బెంచీ అబ్బాయి చెయ్యెత్తాడు. కారు ఇంజను ఆపడం మరిచిపోయి ఉంటే? తలుపు మూసుకుంటే పొగ ఇంట్లోకి వస్తుంది. అందులోని కార్బన్ మోనాక్సైడుకు రంగూ వాసనా ఉండవు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. మీట నొక్కితే స్టార్టయ్యే కార్లలో ఇంజను ఆపకుండా దిగిపోయినవాళ్ళు నిజంగానే ఉన్నారు. బావ మతిమరుపు తెలిసిందే కదా. వాక్యానికి మరో “తే” చేర్చాలి. అది గంట కొట్టేలోపు ఎక్కడ చేర్చాలో మేము తేల్చుకోలేకపోయాం. అక్కయ్య మాత్రం పడకగది బయట ఆ వాయువును పసిగట్టే అలారం ఒకటి పెట్టించింది.

చేసి చూడండి: పైన బోర్డు మీది వాక్యంలో చేదర్థకాలు, అప్యర్థకాలు విడదీసి రాయండి. కారు ఇంజను షరతును సరైన చోట చేర్చండి. మీరు ఉంటున్న క్వార్టరుకు సెలవుల్లో తాళం వేసి ఊరెళ్ళేటప్పుడు పక్కింటివాళ్ళకు ఏమేం చెప్పి వెళతారో, అన్నీ “తే”లతో, “నా”లతో ఒకే వాక్యంగా రాసి తెలుగు గది పెట్టెలో వేయండి. “యమాతారాజభానసలగం”లో మిగిలిన అయిదు గణాలను కూడా అక్షరం అక్షరం జరిపి గుర్తించండి. రెండక్షరాల గణాలు నాలుగు: లలం, లగం, గలం, గగం. ఆ నాలుగూ ఒక్కసారే వచ్చేలా అయిదక్షరాల మాట ఒకటి మీరే కట్టండి. మా తరగతిలో ఇప్పటికి మూడు కట్టారు.